మేడ మీది గదిలో వేసవి పని: నా అనుభవం

మేడ మీది గదిలో కూర్చుని పని చేసుకునే నాకు, మధ్యాహ్నం రెండు దాటేసరికి తల దిమ్మెక్కి, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదవవలసి వచ్చేది. ఫ్యాను వేగం పెంచితే చాలుననుకున్నాను గానీ, గదిలో 38 డిగ్రీలు ఉన్నప్పుడు అది పొయ్యి దగ్గరి సెగను ముఖాన కొడుతున్నట్టే ఉండేది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు కాబట్టి, అంతకన్నా వేడిగా ఉన్న గాలి ఒంటికి వేడినే చేరవేస్తుందని, అప్పుడు చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటేనని ఆలస్యంగా గ్రహించాను. అందుకని పలచని నూలు తువ్వాలును తడిపి పిండి, మెడ చుట్టూ వేసుకుని, ముంజేతులు కూడా తడుపుకొని ఫ్యాను కింద కూర్చోగా, కొద్దిసేపటికే తేడా తెలిసింది. ఉక్కపోత రోజున మాత్రం ఈ ఉపాయం అంతగా పారదు.

కిటికీల విషయంలోనూ నాది తెలివితక్కువతనమే: పగలంతా తెరిచి, రాత్రి దోమలకు భయపడి మూసేవాణ్ణి. ఇప్పుడు దోమతెర బిగించి రాత్రంతా తెరిచి ఉంచుతున్నాను, ఎండ ఎక్కకముందే మూస్తున్నాను. పడమటి కిటికీకి బయటివైపున చాప కట్టాను. ఎండ అద్దాన్ని దాటకముందే ఆగిపోతుంది కనుక లోపలి పరదా కన్నా ఇదే మేలు. బుర్రకు పని చెప్పేవన్నీ ఉదయం 10 లోపే ముగిస్తున్నాను.