ఏది మన పని, ఏది ప్రభుత్వం పని: తేల్చుకుని కదలడం ఎలా

పర్యావరణం మాట ఎత్తగానే రెండు వాదనలు వినిపిస్తాయి. జనం మారకపోతే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందని కొందరంటారు. ప్రభుత్వం పట్టించుకోకపోతే మనవల్ల ఏమవుతుందని ఇంకొందరంటారు. నీళ్ల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ రెండూ వింటూనే ఉన్నాను. శాంపిల్ సీసా పట్టుకొచ్చినవాళ్లూ అన్నారు, పరీక్ష చేయించిన ఆఫీసువాళ్లూ అన్నారు. మొత్తం పర్యావరణానికి కలిపి ఈ ప్రశ్న వేస్తే జవాబు ఎప్పటికీ రాదు. ఒక్కో సమస్యను విడిగా పట్టుకుంటే మాత్రం చాలాసార్లు తొందరగానే తేలిపోతుంది.

అందుకని ముందు సమస్యను చిన్నది చేసుకోండి. 'కాలుష్యం పెరిగిపోయింది' అని రాసుకుంటే పని మొదలవదు. 'ఈ కాలువలో రాత్రిపూట నురగ వస్తోంది', 'ఈ మూల మీద రోజూ చెత్త తగలబెడుతున్నారు' అని రాసుకోండి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆపాలా వద్దా అన్న నిర్ణయం నా చేతిలో ఉందా? ఆపితే నాకు వేరే దారి ఉందా? మా ఒక్క ఇల్లు మానేసినా ఆ మేరకు తగ్గుతుందా?

మూడింటికీ అవునని వస్తే అది మన పని. ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగక్కర్లేదు. తిండి వృథానే చూడండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. ఏ ప్రభుత్వమూ మన వంటింట్లోకి వచ్చి గిన్నెలు చూడలేదు. ఆరుబయట ప్లాస్టిక్ కాల్చడం కూడా ఇలాంటిదే. తక్కువ వేడిలో సరిగా కాలని చెత్త నుంచి డయాక్సిన్లు పుడతాయి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం అదుపు చేయాలన్న విషాలలో అవీ ఉన్నాయి. చెత్తకు నిప్పు పెట్టే చెయ్యి మనదైతే ఆపాల్సిందీ మనమే.

మూడింటికీ కాదని వస్తే అది ప్రభుత్వం పని. సీసం కలిపిన పెట్రోలు దీనికి మంచి ఉదాహరణ. 1920లలో మొదలైంది. చాలాకాలం బంకులో వేరే పెట్రోలే దొరకలేదు, ఇక బండి ఉన్న మనిషి ఏం చేయగలడు? పిల్లల మెదడుకు హాని చేసే ఆ విషాన్ని ఒక్కో దేశం చట్టం చేసి ఆపుకుంటూ వస్తే, 2021లో అల్జీరియాతో రోడ్డు మీది వాహనాలకు దాని అమ్మకం ప్రపంచమంతటా ఆగింది. ఇలాంటి చోట 'ముందు నువ్వు మారు' అని పౌరుడికి చెప్పడం అన్యాయం. 2020లో లాక్‌డౌన్లతో కోట్లమంది ఇళ్లలోనే ఉండిపోయినా ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు ఆ ఏడాది 5 శాతం పైచిలుకే తగ్గాయి. కరెంటు ఎలా తయారవుతోంది, సిమెంటు, ఉక్కు ఎలా తయారవుతున్నాయి అన్నది మన ఇంటి గడప లోపల తేలే విషయం కాదు.

ఎక్కువ సమస్యలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఒక ప్రశ్నకు అవునని, ఇంకోదానికి కాదని వస్తుంది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీసింది. ఆ పొగ కార్ఖానాలతో పాటు ఇళ్లలో చలిమంటకు వాడిన బొగ్గు నుంచీ వచ్చింది. అంటే కాల్చింది జనమే. కానీ చలికి వణికే మనిషిని బొగ్గు మానెయ్యమంటే ఎలా మానేస్తాడు? 1956 చట్టం కొన్ని ప్రాంతాల్లో పొగ రాకూడదని నిషేధం పెట్టింది, పొయ్యిలు మార్చుకోవడానికి డబ్బు సాయం కూడా ఇచ్చింది. నిషేధం పెట్టి వేరే దారి చూపించకపోతే దెబ్బ పేదవాడికే తగులుతుంది. కాబట్టి మీ సమస్య ఈ రకానిదైతే, మీరు అడగాల్సింది నిషేధం ఒక్కటే కాదు. దానికి బదులుగా ఏం ఇస్తారన్నది కూడా అడగండి. ఇంకో ఉదాహరణ, గడువు తీరిన మందులు. వాటిని సింకులో పారబోయకూడదు, మురుగునీటిని శుద్ధి చేసే మామూలు ప్లాంట్లు మందుల అవశేషాలను తీసెయ్యడానికి కట్టినవి కావు. పారబోయకుండా ఉండటం మన వంతు. వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయడం ప్రభుత్వం వంతు.

కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్కల గురించి, అంటే మన తిండి, కరెంటు, ప్రయాణాల వల్ల ఎంత కార్బన్ గాలిలోకి చేరుతోందో వేసే లెక్కల గురించి ఒక మాట. ఈ మాటను జనంలోకి బాగా తీసుకెళ్లినవాళ్లలో 2000ల మధ్యలో ప్రచారం నడిపిన చమురు కంపెనీ బీపీ కూడా ఉంది. అందుకని ఆ లెక్క పనికిరాదని నేను అనను. ఒకసారి వేసుకుని, మీ ఇంట్లో పెద్ద పద్దులేవో చూసుకుని వాటిని తగ్గించండి. ఆ తర్వాత రోజూ దాని గురించి టెన్షన్ పడకండి. ఆ శ్రమను ఫిర్యాదు వైపు మళ్లించండి.

ఫిర్యాదు ఎలా రాయాలో మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజమైన సమస్యలు కూడా ఇక్కడే కాగితాల్లో కలిసిపోవడం నేను చూశాను. ఒక ఉత్తరంలో ఒకే సమస్య రాయండి. తేదీ, సమయం, చోటు, రంగు, వాసన, వాన పడిందా, గాలి ఎటు వీస్తోంది, ఇవన్నీ ఉండాలి. సమయం తప్పనిసరి. చెరువులో చేపలు ఎక్కువగా తెల్లవారుజామున చచ్చి తేలతాయి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఆ వేళకే బాగా పడిపోతుంది కాబట్టి. మధ్యాహ్నం వచ్చి కొలిచి 'అంతా బాగానే ఉంది' అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ నిజం బయటపడదు. 'ఫలానా వేళకు వచ్చి కొలవండి' అని మీరే అడగాలి. ఫోటోలో చెట్టో, వంతెనో, ఏదో ఒక గుర్తు కనిపించాలి.

శాంపిల్ మీరే పట్టాలనుకుంటే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఏ పరీక్షకు ఏ సీసా కావాలో అడగండి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టిన నీళ్లతో బ్యాక్టీరియా పరీక్ష చేస్తే ఆ ఫలితం చెల్లదు. ల్యాబ్ ఇచ్చిన సీసాలో పట్టి, మంచులో పెట్టి, వీలైతే ఆ రోజే అందించండి. సీసా మీద చోటు, సమయం రాయండి. అయినా మీ శాంపిల్‌ను అధికారులు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. వాళ్లే వచ్చి శాంపిల్ పట్టేలా చేయడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఉత్తరం చివర ఒకే కోరిక పెట్టండి, గడువు అడగండి. 'తగిన చర్య తీసుకోగలరు' అని వదిలేస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. 'ఈ గొట్టం ద్వారా ఏమేం, ఎంత వదలడానికి అనుమతి ఉంది? చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఎంత వచ్చింది?' అని అడిగితే జవాబులో అంకెలు ఇవ్వాల్సి వస్తుంది. ఇది బతిమాలుకోవడం కాదు. 1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో దేశాలు ఒప్పుకున్న రియో ప్రకటనలోని పదో సూత్రం సమాచారం పొందే అవకాశం, నిర్ణయాల్లో పాల్గొనే అవకాశం, న్యాయం కోరే అవకాశం పౌరులకు ఉండాలని చెప్పింది. పదహారో సూత్రం కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది. మీ దేశంలో వీటికి ఏ చట్టం ఉందో చూసి, ఆ సెక్షన్ ఉత్తరంలో రాయండి. రసీదు నంబరు తీసుకోండి. పదిమంది సంతకాలుంటే ఇంకా మంచిది.

ఇదంతా పెద్ద సమస్యల దగ్గర పనిచేయదని అనుకోకండి. స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువుల వల్ల ఓజోన్ పొరకు ముప్పుందని 1974లో శాస్త్రవేత్తలు చెప్పాక, అమెరికాలో చట్టం రాకముందే జనం స్ప్రే డబ్బాలు కొనడం తగ్గించారు. 1978లో అక్కడ నిషేధం, 1987లో ఆ వాయువులను తగ్గించాలన్న అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం వచ్చాయి. నెదర్లాండ్స్‌లో అర్జెండా అనే సంస్థ సుమారు 900 మంది పౌరులతో కలిసి తమ ప్రభుత్వం మీదే కేసు వేసింది. 2020 చివరికల్లా ఉద్గారాలను 1990 కన్నా కనీసం 25 శాతం తగ్గించాలన్న తీర్పును 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

జవాబు వస్తే, అది మీరు అడిగినదానికే వచ్చిందో లేదో మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చదవండి. రాకపోతే రసీదు నంబరుతో పై అధికారికి అప్పీలు చేయండి. సమస్య తగ్గినట్టు కనిపించినా, ఒక వానాకాలం గడిచేదాకా ఫైలు మూయించకండి. వ్యర్థాలను వాన నీటిలో కలిపి వదిలేస్తే కనిపెట్టడం కష్టం. కాబట్టి వాన పడిన రోజు మళ్లీ వెళ్లి చూడండి.