గుణింతం అప్పజెప్పే పిల్లలు చదవలేకపోతుంటే

రెండు, మూడు తరగతుల్లో క, కా, కి, కీ అని గడగడా అప్పజెప్పే పిల్లలు కొందరుంటారు. పుస్తకంలో ‘కూ’ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మళ్లీ ‘క’ దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ అక్కడికి వస్తారు. వాళ్లకు వచ్చింది వరస. అక్షరం చూడగానే ధ్వని పలకడం ఇంకా రాలేదు. ఇంకా వల్లె వేయిస్తే వరసే గట్టిపడుతుంది. అందుకే వరస తప్పించి, చూడటం, పలకడం, రాయడం మూడూ ఒకేసారి చేయించాలి. రోజుకు 15 నిమిషాలు, ఒక విడతకు నలుగురు పిల్లలు చాలు.

ముందు ఏది రాదో తేల్చుకోండి. ఒక్కో చీటీ మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసి, అన్నీ కలిపేసి, ఒక్కొక్కటి చూపించి మూడు సెకన్లు ఆగండి. వెంటనే చెప్పినవి, తడుముకుని చెప్పినవి, చెప్పలేనివి మూడు కట్టలుగా పెట్టండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో 5 అక్షరాలకు 4 గుర్తుపడితే అక్షరాలు వచ్చినట్టే లెక్క. సర్వేకు అది సరిపోతుంది గానీ నేర్పేవాళ్లకు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నారో తెలియాలి. తడుముకున్న కట్టను వచ్చినవాటిలో కలపకండి. ఒక్కో అక్షరం దగ్గరా తడుముకునే పిల్ల ‘గడప’లో ‘ప’ దాకా వచ్చేసరికి ‘గ’ మరిచిపోతుంది.

నేర్పేటప్పుడు అక్షరమాల క్రమం పట్టుకోనక్కర్లేదు. త, ల, ప, క, డ, గ, వ లాంటి వాటితో మొదలుపెడితే తల, పలక, తడక, గడప, పడవ మొదటి వారాల్లోనే చదవొచ్చు. ఙ, ఞ, ౠ ఆఖరుకి ఉంచండి. ఖ, ఛ, థ, ఫ కూడా తర్వాతే. ఇంటి మాటల్లో వీటిని ఒత్తి పలకడం తక్కువ కాబట్టి పిల్లల చెవికి తేడా తెలిసి ఉండదు. రోజుకు కొత్తవి రెండు, మహా అయితే మూడు. వాటితో పాటు వచ్చిన అక్షరాలు ఆరేడు కలపండి. అన్నీ కొత్తవే పెడితే పదో నిమిషానికి పిల్లలు ఊహించి చెప్పడం మొదలుపెడతారు.

ఒకదానిలా ఒకటి ఉండే అక్షరాలను ఒకే రోజు నేర్పవద్దు. ప బాగా స్థిరపడ్డాక, కనీసం వారం ఎడంతో వ చెప్పండి. ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తేడా పిల్లల చేతే చెప్పించండి: పకు తలకట్టు విడిగా ఉంటుంది, వకు అంటుకుని ఉంటుంది. ద, ధ, థ కూడా అంతే. మ, వు దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. వకు కొమ్ము కింది నుంచి వస్తుంది. కులో పెట్టిన చోటే పెడితే అది మ అయిపోతుంది.

ప్రతి రోజూ మొదటి రెండు నిమిషాలు అక్షరాలేవీ చూపించకుండా చెవితోనే. ‘పలక’ అని మూడు చప్పట్లు కొట్టించండి. మొదటిది ఏది? చివరిది ఏది? ‘ప’ తీసేస్తే ఏం మిగిలింది? ఇది రాని పిల్లలకు చీటీలు ఎన్ని చూపించినా నిలవవు.

తర్వాత పళ్లెం. స్టీలు పళ్లెంలో సన్న రవ్వ పలచగా, వేలు గీస్తే అడుగు కనబడేంత పొయ్యండి. అక్షరాభ్యాసంలో వాడే బియ్యం దీనికి పనికిరాదు, గింజలు జారి గీత పూడిపోతుంది. వేలు కదులుతున్నప్పుడే ధ్వని పలకాలి. చాలామంది మౌనంగా రాసి, అయిపోయాక చెబుతారు, అప్పుడది బొమ్మ గీయడమే అవుతుంది. చీటీ చూస్తూ మూడుసార్లు, చీటీ తిప్పేసి ఒకసారి, కళ్లు మూసుకుని ఒకసారి.

నేల మీద సుద్దతో తొమ్మిది గడులు గీసి, అక్షరాలు చిందరవందరగా రాయండి. మీరు ‘డ’ అంటే పిల్ల ఆ గడిలోకి గెంతి, కాలు మోపుతూ ‘డ’ అనాలి. అందరికీ ఒకే అక్షరం చెబితే వెనకవాళ్లు ముందువాళ్లను చూసి గెంతుతారు, ఒక్కొక్కరికీ వేరే అక్షరం చెప్పండి. బాగా వచ్చాక ప-డ-వ అని మూడు గెంతులు, చివర్లో ‘పడవ’ అని ఒక్క మాటగా పలకడం. ఆ చివరిది వదిలేస్తే అక్షరాలు వస్తాయి, మాట రాదు.

గుణింతానికి అట్ట ముక్క మీద తలకట్టు లేకుండా ‘క’ రాయండి. పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కల మీద తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం విడివిడిగా గీయండి. పిల్ల తలకట్టు ముక్క తీసి గుడి ముక్క పెట్టి ‘కి’ అనాలి. కొమ్ము పెట్టినప్పుడు తలకట్టు ఉండిపోతుందని చేత్తో చేస్తే తెలుస్తుంది. జ, ట, ణ, బ, ల అక్షరాలకు తలకట్టు లేదు గనక గుణింతం మొదలుపెట్టిన మొదటి వారం వాటి జోలికి పోకండి. ‘కకు గుడిస్తే కి’ అన్న మాట మొదటి రెండు రోజులే, తర్వాత చూడగానే ‘కి’ అనాలి. దీర్ఘం, గుడి రాగానే కాకి, తాత, పిలక, గాలిపటం చదివించవచ్చు.

తప్పు చెబితే ‘ఆలోచించు’ అనకండి. ఆలోచిస్తే వచ్చేది కాదిది. మీరు పలకండి, పిల్ల చేత పలికించి రాయించండి, రెండు చీటీల తర్వాత అదే చూపించండి, మళ్లీ అయిదు చీటీల తర్వాత చూపించండి. బొమ్మల కార్డులైతే బొమ్మ వైపు మడిచెయ్యండి, లేకపోతే పలక బొమ్మ చూసి ‘పలక’ అంటారు, అక్షరం వైపు చూడరు. ‘గోళీ’ని ‘గోలి’ అన్నా, ణను న అన్నా ఈ దశలో దిద్దవద్దు. అది ఇంటి పలుకుబడి, చదవడం రాకపోవడం కాదు.

వారానికోసారి అవే చీటీలు కలిపి మళ్లీ చూసి, కట్టలు మార్చండి. రెండు నెలలు రోజూ చేసినా చెప్పలేని కట్ట తగ్గకపోతే చెవి, కన్ను పరీక్ష చేయించండి. ప్రభుత్వ బడికి పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు ఆ పిల్లలను ముందు వరసలో నిలబెట్టండి. పరీక్షల్లో లోపమేమీ లేదంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో నిపుణులకు చూపించాలి. ఆ లోపల సాధన ఆపకండి. కొత్త అక్షరాలు రోజుకు ఒకటికి తగ్గించి, పళ్లెం మీద గడిపే సమయం పెంచండి.