ఒంటికన్ను కారు: హెడ్‌లైట్ బల్బు మార్చే ముందు, మార్చేటప్పుడు, మార్చాక

సిగ్నల్ దగ్గర ముందు ఆగిన కారు వెనక భాగం మీద మీ కారు వెలుగు ఒకవైపే పడుతుంటే విషయం అర్థమైనట్టే. చాలామంది వెంటనే కొత్త బల్బు కొనేస్తారు. ఎక్కువసార్లు బల్బే పోయి ఉంటుంది కాబట్టి తప్పులేదు. కానీ కొత్త బల్బు పెట్టాక కూడా చీకటే అయితే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. కొనే ముందు ఐదు నిమిషాలు చూసుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఇక్కడ చెప్పేది మామూలు హ్యాలోజన్ బల్బుల గురించే. మీది జినాన్ లైటయితే చేయి పెట్టకండి. అది వెలిగేటప్పుడు దాదాపు 20,000 వోల్టులు పుడతాయి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లలో చాలావాటికి విడిగా తీసే బల్బే ఉండదు, మొత్తం లైటే మార్చాలి.

ఒక వైపు డిమ్ లేదు, బ్రైట్ మాత్రం వస్తోంది

హెచ్4 (H4) అనే రకం బల్బులో రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నటి తీగలు) ఉంటాయి, డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. బల్బు మీద 60/55 అని రాసి ఉంటుంది: బ్రైట్‌కి 60 వాట్లు, డిమ్‌కి 55. రోజూ వాడేది డిమ్ కాబట్టి సాధారణంగా అదే ముందు తెగుతుంది. ఒకటి పోయినా బల్బు మొత్తం మార్చాల్సిందే. హెచ్7 లాంటి ఒకే ఫిలమెంట్ బల్బులున్న కార్లలో డిమ్‌కీ బ్రైట్‌కీ వేరువేరు బల్బులుంటాయి, పోయినది ఏదో చూసి దాన్నే మార్చాలి.

ఒక వైపు ఏదీ వెలగట్లేదు

రెండు వైపుల బల్బులూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడండి. మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) అక్కర్లేని పరీక్ష ఇది. చీకటి కూడా బల్బుతో పాటే అవతలి వైపుకి వెళ్తే బల్బు పోయినట్టు. పాత వైపే ఉండిపోతే బల్బు తప్పేం లేదు, ఫ్యూజో కనెక్టరో చూడాలి. చాలా కార్లలో ఎడమ లైటుకీ కుడి లైటుకీ వేరే ఫ్యూజులుంటాయి కాబట్టి ఒక వైపే ఆరిపోయిందంటే ఫ్యూజు కాదు అనుకోవద్దు. ఏది దేనిదో ఫ్యూజ్ బాక్సు మూత లోపల బొమ్మ ఉంటుంది. కొత్త ఫ్యూజు వేయగానే మళ్లీ పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. అప్పుడు ఇంకా పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం చేయకండి, కాలేది వైరే.

రెండూ ఒకేసారి పోయాయి

రెండు బల్బులు ఒకే క్షణంలో పోవడం అరుదు. స్విచ్, రిలే (స్విచ్ వేయగానే లైట్లకి కరెంటు వదిలే చిన్న డబ్బా), ఫ్యూజులు చూడండి. ఒక్కోసారి ఒకటి ఎప్పుడో పోయి ఉంటుంది, మనం గమనించకుండా తిరుగుతుంటాం. రెండోది పోయిన రోజే తెలుస్తుంది.

వెలుగుతోంది కానీ పసుపుగా, నీరసంగా

ఇది ఎక్కువగా ఎర్త్ సమస్య, అంటే కరెంటు బల్బు నుంచి కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారిలో లోపం. హెచ్4 ఉన్న కార్లలో ఎర్త్ పూర్తిగా తెగితే వింతగా ఉంటుంది: డిమ్ వేసినా ఆ బల్బులోని రెండు ఫిలమెంట్లూ సన్నగా వెలుగుతాయి. కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి లేక రెండో ఫిలమెంట్ గుండా చుట్టు తిరిగి వెళ్తుందన్నమాట. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర తుప్పు గీకి, బిగించండి. లైటు వెలుగుతుండగా కనెక్టర్ ఎర్త్ పిన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటర్ పెడితే దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు దాటితే అక్కడే లోపం.

బల్బు మార్చేటప్పుడు

లైట్లు ఆపి, బల్బు చల్లారనివ్వండి. హ్యాలోజన్ గాజు వందల డిగ్రీల వేడెక్కుతుంది, లోపల వాయువు ఒత్తిడిలో ఉంటుంది. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక చేయి పెడితే రబ్బరు మూతో ప్లాస్టిక్ మూతో తగులుతుంది. కొన్ని కార్లలో బ్యాటరీనో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో తీస్తే గానీ చేయి దూరదు. కొన్నింటిలో చక్రం పైన ఉండే ప్లాస్టిక్ తొడుగులోంచే దారి.

మూత తీశాక కనెక్టర్‌ని వైరు పట్టుకుని లాగకండి, ప్లాస్టిక్‌ని పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తీయండి. తర్వాత తీగతో చేసిన స్ప్రింగ్ క్లిప్ వస్తుంది. మొదటిసారి నేను దాన్ని చూడకుండానే నొక్కాను. టక్‌మని విడిపోయింది, అది మళ్లీ ఎటు పడుతుందో అర్థం కాక అరగంట పట్టింది. ఇప్పుడు విప్పే ముందు ఫోన్‌ని లైటు వెనక దూర్చి ఫొటో తీసుకుంటాను. మళ్లీ పెట్టేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

బల్బు బయటికి వచ్చాక రెండు నిమిషాలు దాన్నే చూడండి. ఫిలమెంట్ తెగి వేలాడుతుంటే, గాజు బూడిదరంగులోకి నల్లబడితే వయసు మీద పడి పోయింది. గాజు లోపల తెల్లటి పొడి ఉంటే లోపలికి గాలి పోయింది. ఆ తర్వాత కనెక్టర్ వైపు చూడండి. పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడి, మెత్తబడిందా? పచ్చటి చిలుం పట్టిందా? అలా ఉంటే కొత్త బల్బు కూడా ఎక్కువ రోజులు మిగలదు. కనెక్టర్ వైరుతో సహా విడిగా దొరుకుతుంది, అది కూడా మార్చండి. ఎక్కువ వెలుగు కోసం 100 వాట్ల బల్బు వేసిన కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. 60 వాట్లకి దాదాపు 5 ఆంపియర్లు చాలు. 100 వాట్లకి 8 దాటుతుంది. పాత వైర్లు ఆ వేడి తట్టుకోలేవు.

కొత్త బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి, మెటల్ భాగం పట్టుకోండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి పగలొచ్చు. పొరపాటున తగిలితే స్పిరిట్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచేయండి. హెచ్4 అంచున మూడు రెక్కలుంటాయి, ఒకటి వెడల్పు. వాటి గాడిలో ఒకే తీరుగా కూర్చుంటుంది. కూర్చోకపోతే బలవంతం చేయకండి, తిప్పి చూడండి.

మార్చాక

మూత పెట్టే ముందే లైటు వేసి చూడండి. బాగుంటే మూత గట్టిగా నొక్కండి. వదులుగా వదిలేస్తే కొన్నాళ్లకి అద్దం లోపల ఆవిరి పడుతుంది. సాయంత్రం సమతలంగా ఉన్న చోట గోడకి ఎదురుగా కారు పెట్టి డిమ్ వేయండి. ఒక వైపు వెలుగు చెదిరిపోయినట్టు, అంచు లేనట్టు కనిపిస్తే బల్బు వంకరగా కూర్చుంది. వెలుగు దిశ సర్దే స్క్రూ తిప్పే ముందు బల్బు తీసి మళ్లీ కూర్చోబెట్టండి, చాలాసార్లు అంతే.

అదే వైపు బల్బు కొన్ని వారాలకే మళ్లీ పోతే మూడో బల్బు కొనకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద వోల్టేజ్ చూడండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. 15 దాటితే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పని పట్టాలి. అది బాగానే ఉంటే లోపల నీరు, వదులు కనెక్టర్, సరిగ్గా పట్టని క్లిప్ వంతు.

ఒకటి మారుస్తుంటే రెండోదీ మార్చేయండి, వయసు ఒకటే కదా. తీసిన బల్బుల్లో బాగున్నదాన్ని కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి, ఒకట్రెండు ఫ్యూజులతో పాటు డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచండి.