బందలో చేపల పెంపకం – 4వ పాఠం: పిల్ల దింపే రోజు

కిందటి పాఠంలో బందలో, అంటే ఊరి చిన్న చెరువులో, ఇప్పపిండి చల్లి చేపపిల్లని మింగే మట్టగిడసల్నీ వాలుగల్నీ వదిలించుకున్నాం. ఆ విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అనుమానముంటే బందలోనే ఒక మూల దోమతెరతో చిన్న తొట్టె కట్టి, పది పిల్లల్ని వదిలి ఒక రోజు చూడండి. మర్నాటికి పదీ ఈదుతుంటే మిగతావాటికి కబురు పెట్టొచ్చు.

చీపురుపల్లి, రాజాం వైపు బందలన్నీ వానని నమ్ముకున్నవే. శ్రావణ భాద్రపదాల్లో నిండి, మాఘం దాటితే అడుగు కనిపిస్తుంది. మన చేతిలో ఉన్నది ఆరేడు నెలలు. గోరంత పిల్ల వేస్తే అది వేలెడు అయ్యేసరికే రెండు నెలలు గడిచిపోతాయి, ఈలోగా కప్పలకీ నీటిపాములకీ పండగ. కాబట్టి నాలుగంగుళాలకి తగ్గొద్దు. ఎకరం నీటికి 2000 పిల్ల: 800 బొచ్చె, 600 శీలావతి, 600 మోసు. బొచ్చె పైపొరలో మేస్తుంది, శీలావతి నడుమన, మోసు అడుగున. ఒకదాని కంచంలో ఇంకోటి మూతి పెట్టదు.

లెక్క దగ్గర కళ్ళు తెరిచి ఉండండి. పిల్లని చిల్లుల గిన్నెతో కొలుస్తారు. ఒక గిన్నెలో ఎన్నున్నాయో ఎంచి, మిగతా గిన్నెల్ని దాంతో గుణిస్తారు. ఎంచే గిన్నెని అమ్మేవాడు నిండుగా ముంచుతాడు, తరవాతివి వెలితిగా ఉంటాయి. నాలుగైదు గిన్నెలయ్యాక ‘ఇది ఎంచుదాం బాబూ’ అని మీరే ఒకటి ఆపండి. కొంచెం ముఖం ముడుస్తాడు, అంతే.

ఇక దింపడం. నా మొదటి ఏడాది వ్యాను కైకలూరు వైపు నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చింది. డ్రైవరు తొందర పెట్టాడు. నేనూ బ్లేడుతో పిల్ల ఉన్న నీటి సంచులు చీరి గట్టు మీంచే కుమ్మరించేశాను. తెల్లారి వెళ్తే గట్టంతా కొంగలు, రేవులో తెల్లటి పొట్టలు. నీళ్ళలో లోపం లేదు, సంచి నీటి వేడికీ బంద నీటి వేడికీ తేడా. ఇప్పుడు పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ దింపుతాను. కట్టిన సంచుల్ని కట్టినట్టే ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిస్తాను. తరవాత మూతి విప్పి, దోసిలితో బంద నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతాను. సంచిని పక్కకి వాల్చి పట్టుకుంటే పిల్ల తనంత తనే బయటికి పోతుంది. పోకపోతే ఆగాలి గానీ తొయ్యకూడదు.

పిల్ల ఎక్కణ్ణుంచి వస్తుందన్నదీ చూసుకోవాలి. ఆఫ్రికాలో ఎన్నో చోట్ల ప్రాజెక్టులు చెరువులు తవ్వించి, పిల్లని సర్కారు కేంద్రం నుంచి తెప్పించేవి. ప్రాజెక్టు అయిపోయింది, పిల్ల రావడం మానేసింది, చెరువులు తుప్పల పాలయ్యాయి. బంగ్లాదేశ్‌లో అలా కాలేదు. అక్కడ పిల్ల వర్తకులు అల్యూమినియం బిందెల్లో పిల్లని మోసుకుని ఊరూరా తిరుగుతారు, ఊపిరందడానికి దారి పొడవునా చేత్తో నీళ్ళు చిలుకుతూనే ఉంటారు. కొందరు రైతులు వరిమడిలోనే బంగారుతీగ పిల్లని పెంచి పక్కవాళ్ళకి అమ్ముతారు. మీ ఊళ్ళోనూ ఏడాది పొడవునా తడి ఆరని గుంట ఒకటుంటే ఎవరిదో కనుక్కోండి, 6వ పాఠంలో దానితో పనుంది.

ఈ వారం పని: రోజూ ఒకే వేళకి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచి, అరచెయ్యి ఎంత లోతులో కనబడకుండా పోతోందో రాసి పెట్టుకోండి. ఆ లెక్క చూశాకే బందలో వెయ్యాల్సిన పేడ ఎంతో, తవుడు ఎంతో చెప్తాను.