పాత స్పోర్ట్స్ కారుకు సింథటిక్ ఆయిలా, మినరల్ ఆయిలా?

ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి పాత బండితో విజయవాడ ఆటోనగర్‌కు వెళ్తే షాపులో "ఫుల్ సింథటిక్ వేయించండి సార్" అంటారు. సింథటిక్ (ఫ్యాక్టరీలో రసాయనికంగా తయారుచేసేది) మంచి ఆయిలే. కానీ ఈ ఇంజన్లకు ముందు చూడాల్సింది గ్రేడు (20డబ్ల్యూ-50 లాంటి చిక్కదనం అంకె), తర్వాత జింకు. సింథటిక్కా, మినరలా (ముడి చమురు నుంచి తీసే మామూలు ఆయిల్) అన్నది ఆ తర్వాతే.

సమస్య: బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది

ఇంజన్ వేడెక్కాక ఎంజీబీలో ఐడిల్ మీద 10 నుంచి 25 పీఎస్ఐ, రోడ్డు మీద 50 నుంచి 80 పీఎస్ఐ ఉండాలి. ఐడిల్‌లో 15 చూపిస్తే టెన్షన్ అక్కర్లేదు. అంతకన్నా బాగా దిగుతుంటే డబ్బా మీద గ్రేడు చదవండి. 5డబ్ల్యూ-30 అని ఉంటే కారణం దొరికినట్టే. వేడికి అది ఈ ఇంజన్లకు మరీ పల్చనైపోతుంది. మొదటి అంకె చిన్నదిగా ఉంటే చలి దేశాల్లో లాభం. మనకు జనవరిలో కూడా అంత చలి ఉండదు, అసలు పరీక్ష రోహిణి కార్తెలోనే. 20డబ్ల్యూ-50 ఏడాది పొడవునా సరిపోతుంది.

గ్రేడు సరైనదే అయినా ప్రెషర్ రాకపోతే ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడుతూ, వేళ్ల మధ్య రాస్తే జిగురు లేకుండా జారిపోతుంటే ఇక బండి తీయొద్దు. స్పిట్‌ఫైర్‌లో పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఛాంబర్‌లోకి (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దిగుతుంది. ముందు పంపు బాగు చేయించి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఇవేవీ కాకపోతే విడిగా ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించి చూడండి. బేరింగులు అరిగి ఉంటే ఎంత ఖరీదైన ఆయిలూ ఏమీ చేయలేదు.

సమస్య: సింథటిక్ వేశాక బండి కింద మరకలు

సింథటిక్ ఆయిల్ సీళ్లను (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) తినేస్తుందని చాలామంది నమ్ముతారు. ఇప్పటి ఆయిళ్ల విషయంలో అది నిజం కాదు. సీలు ముందే గట్టిపడి ఉంటుంది, పాత మడ్డి ఆ సందును మూసి ఉంచుతుంది. కొత్త ఆయిల్ మడ్డిని కడిగేసరికి కారడం బయటపడుతుంది. ట్యాపెట్ కవర్, ఛాంబర్ ప్యాకింగుల దగ్గరైతే చిన్న పని. ఎంజీబీలో బెల్ హౌసింగ్ (ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉండే డొప్ప) కింద రంధ్రంలో ఒక కాటర్ పిన్ను వేలాడుతుంటుంది. దాని కొసన ఆయిల్ బొట్టు కట్టిందంటే క్రాంక్ వెనక వైపు చూడాలి, దానికి ఇంజన్ దింపాలి. ఇంజన్ దింపే ఉద్దేశం లేకపోతే మినరల్‌కు తిరిగి రావడమే తెలివైన పని.

సమస్య: ట్యాపెట్ సెట్టింగ్ చేయించినా చప్పుడు తగ్గట్లేదు

కామ్ (వాల్వులను తెరిపించే భాగం) అరుగుతోందేమో చూపించండి. ఈ ఇంజన్లలో ట్యాపెట్ రోలర్ లేకుండా కామ్ మీద నేరుగా రాసుకుంటుంది. ఆ రాపిడిని తట్టుకునేలా చేసేది ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్. కొత్త కార్లలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా కొత్త ఎపిఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణాల్లో పల్చటి గ్రేడులకు ఫాస్ఫరస్ 800 పీపీఎం దాటకూడదన్నారు. మనకు 1000 పైన ఉంటే మంచిది. డేటా షీట్ అడిగి చూశాకే కొనండి. కామ్, ట్యాపెట్లు కొత్తవి వేయించినప్పుడు మినరల్ ఆయిల్ పోసి, స్టార్ట్ చేసిన వెంటనే 2000 ఆర్‌పీఎం పైన ఒక 20 నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో వదిలేస్తే కొత్త కామ్ అక్కడే పాడవుతుంది.

ఇంజన్ కట్టించి, సీళ్లన్నీ మార్చి, ఎండల్లో గుంటూరు హైవే మీద బాగా తోలే బండికి 20డబ్ల్యూ-50 సింథటిక్ పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది. ఎక్కువగా షెడ్డులో ఉండే బండికి మినరల్ చాలు. తిరగకపోయినా ఏడాదికోసారి మార్చండి, నిలవ ఆయిల్‌లో చేరిన తేమ, ఆమ్లాలు బేరింగులను తింటాయి.