థైరాయిడ్ తీయించుకున్నారా? చెన్నై ఎండలు ముదరకముందే మెడ మీది మచ్చను చూసుకోండి

సంక్రాంతి తర్వాత థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మే నెల అగ్ని నక్షత్రం (మండుటెండల రోజులు) నాటికి కుట్లు మానిపోయి ఉంటాయి. మచ్చ మాత్రం అప్పటికింకా లేతగానే ఉంటుంది. అది పూర్తిగా కుదుటపడడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. మొదటి నెలల్లో ఎర్రగా, కాస్త గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటే బెంగపడకండి, అది మామూలే. సర్జన్లు వీలైనంతవరకు మెడ ముడత వెంటే కోస్తారు కాబట్టి చాలామందికి చివరకు సన్నని గీతే మిగులుతుంది.

ఆ గీతను చెడగొట్టేది ముఖ్యంగా ఎండ. మన చామనఛాయ ఒంటి మీద లేత మచ్చకు ఎండ తగిలితే నల్లబడుతుంది, ఆ నలుపు ఓ పట్టాన వదలదు. మాంబళం స్టేషన్‌లో దిగి రంగనాథన్ వీధిలో చీరలు చూసి వచ్చేలోపే మెడకు బోలెడంత ఎండ తగులుతుంది. స్కూటర్ మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ మెడను కాపాడదు. గాయం పూర్తిగా మూసుకున్నాక ఎస్‌పీఎఫ్ (ఎండను అడ్డుకునే శక్తిని చెప్పే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయండి. చెమటకు కారిపోతుంది కాబట్టి బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పైన నూలు చున్నీ గానీ పైట గానీ కప్పుకోండి.

డాక్టర్లు ఎక్కువగా చెప్పే మందు సిలికాన్. పట్టీ అయితే రోజుకు కనీసం పన్నెండు గంటలు, రెండు మూడు నెలలపాటు వాడాలి. కానీ ఈ ఉక్కలో పట్టీ కింద చెమటపొక్కులు లేస్తాయి. వేసవి అయ్యేదాకా సిలికాన్ జెల్‌కు మారడం మేలు, పలచగా రాసి ఆరనివ్వండి.

పెళ్లిళ్ల రోజులు కదా, నల్లపూసలు, పొట్టి గొలుసులు సరిగ్గా మచ్చ మీదే రాసుకుంటాయి. తాళి తీయడం ఇష్టం లేకపోతే గొలుసు పొడవు పెంచుకుని మచ్చకు తగలకుండా చూసుకోండి. నిమ్మరసం రాయమని ఎవరు చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా, వద్దనండి: నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టవుతుంది.

మింగేటప్పుడు మెడ పట్టేసినట్టుంటే, సర్జన్ సరేనన్నాక రోజూ కాసేపు మచ్చ మీద వేలితో మెల్లగా మర్దన చేయండి.

మచ్చ కోత గీత దాటి పక్కలకు పాకుతూ దురద పెడుతుంటే అది కెలాయిడ్ కావచ్చు. చెవి కుట్టినచోట ఇదివరకే అలాంటి గడ్డ వచ్చినవాళ్లు ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పాలి. తొందరగా వెళ్తే చర్మవైద్యులు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో అణచగలరు. చీము, జ్వరం ఉంటే ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లండి.