ఏడు సంఘాలు, ఏడు యుగాలు: చార్టు చూసే ముందు ఇలా చదవండి

ప్రకటన గ్రంథం మీద కూడికలు పెట్టినప్పుడు చాలా చోట్ల గోడకి ఒక పెద్ద చార్టు కడతారు. ఆదాము నుంచి క్రీస్తు వెయ్యేళ్ల పాలన దాకా యుగాలు, మధ్యలో ఏడు సంఘ కాలాలు గీసి ఉంటాయి. అందులో ఉన్నవి రెండు వేర్వేరు బోధలు. ప్రకటనలోని ఏడు సంఘాలు సంఘ చరిత్రలో ఏడు కాలాలకు గుర్తు అనేది ఒకటి, దేవుడు మనుషులతో వ్యవహరించిన తీరును బట్టి చరిత్రను ఏడు యుగాలుగా (డిస్పెన్సేషన్లుగా) విడదీసేది ఇంకొకటి. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోది ఒప్పుకోవాల్సిన పనిలేదు. ముందు వాటిని విడదీసుకోండి.

సంఘ కాలాలతో మొదలుపెట్టండి. స్టడీ బైబిల్ నోట్స్ పక్కన పెట్టేసి ప్రకటన 2, 3 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి, ఒక్కో సంఘానికి ప్రభువు ఇచ్చిన మెప్పు, గద్దింపు, వాగ్దానం నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎఫెసు నుంచి లవొదికయ దాకా అన్నీ ఇప్పటి టర్కీ పడమటి భాగంలో ఉన్న నిజమైన పట్టణాలు. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి లవొదికయ కూలిపోతే రోమా సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. "నాకేమియు కొదువలేదు" అనే మాట ఆ ఊరివాళ్లకి ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు చార్టు చూడండి. 1918లో అమెరికా బోధకుడు క్లారెన్స్ లార్కిన్ అచ్చువేసిన చార్టుల్లో స్ముర్న కాలం 312తో ముగుస్తుంది, సార్దీస్ 1520లో మొదలవుతుంది. 1960లో మరో అమెరికా బోధకుడు విలియం బ్రన్‌హామ్ ఇంచుమించు అవే తేదీలు తీసుకుని ఒక్కో కాలానికి ఒక్కో దూతను (దేవుని సందేశం తెచ్చిన మనిషిని) చేర్చాడు, సార్దీస్‌కి సంస్కర్త లూథర్, ఫిలదెల్ఫియకి మెథడిస్టు నాయకుడు వెస్లీ అలా. ఈ తేదీలు ఏ వచనంలో ఉన్నాయని అడగండి, ఏ వచనంలోనూ లేవు. ప్రకటన 1:19లో "ఉన్నవాటిని" అన్న మాట సంఘ కాలమంతటికీ వర్తిస్తుందని ఈ బోధ చేసేవాళ్లు చెప్తారు, ఆ వాదన వినదగ్గదే. కానీ నాకు మింగుడు పడనిది ఒకటుంది. ఆ చరిత్రంతా యూరప్, అమెరికాలదే, కేరళ తోమా క్రైస్తవులు, ఇథియోపియా, సిరియా సంఘాలు అందులో ఎక్కడా కనిపించవు! పైగా ఒక్కో సంఘానికి రాసిన ప్రతి ఉత్తరంలోనూ "సంఘములతో ఆత్మ చెప్పుచున్న మాట" అనే ఉంది, అంటే ఏడూ అందరికీ.

డిస్పెన్సేషన్ల సంగతి వేరు, ఇక్కడ తొందరపడొద్దు. 19వ శతాబ్దంలో బ్రదరెన్ నాయకుడు డార్బీ బోధించాడు, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ స్టడీ బైబిల్ దాన్ని ఇంటింటికీ చేర్చింది. నిర్దోషత్వం, మనస్సాక్షి, మానవ ప్రభుత్వం, వాగ్దానం, ధర్మశాస్త్రం, కృప, రాజ్యం అని ఏడు. చాలామంది గొడవంతా ఈ ఏడు అంకె మీదే అనుకుంటారు, కాదు. దేవుడు వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా వ్యవహరించాడని నిబంధన వేదాంతులు (బైబిలంతా దేవుని ఒకే కృపా నిబంధన కథ అనేవాళ్లు) కూడా ఒప్పుకుంటారు, వాళ్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమే ఆ మాట చెప్తుంది. అసలు ప్రశ్న ఇశ్రాయేలు, సంఘం రెండు వేర్వేరు ప్రజలా, ఒకే ప్రజలా అన్నది. రెండని నమ్మితేనే చివరి కాలపు శ్రమలకు ముందు సంఘం పరలోకానికి ఎత్తబడటం అనే బోధ సులభంగా అమరుతుంది.

"వెయ్యేళ్ల పాలన నమ్ముతావా" అని అడిగి ఎవరు ఏ పక్షమో తేల్చేయకండి. రెండో శతాబ్దపు బిషప్పు ఇరేనియస్ దాన్ని నమ్మాడు, డార్బీ పద్ధతి అప్పటికి లేనే లేదు. లూథరన్లయితే తమ విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశంలో పునరుత్థానానికి ముందే భక్తులు లోకాన్ని ఏలుతారనే ఆశను తోసిపుచ్చారు. అందుకే గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పెరిగినవాళ్లు, నర్సాపురం వైపు బ్రదరెన్ సంఘంలో పెరిగినవాళ్లు ఒకే ఇంట్లో కలిస్తే ప్రకటన 20 దగ్గర మాట పట్టింపు వస్తుంది, ఇద్దరికీ వాక్యం మీద ప్రేమ ఉన్నా సరే.

అలా కూర్చున్నప్పుడు ముందు రోమా 9 నుంచి 11 దాకా, తర్వాత 1 థెస్సలొనీక 4, చివరికి ప్రకటన 20 చదవండి, ఈ వరస మార్చకండి. మధ్యలో ఎవరైనా రాకడకి సంవత్సరం చెప్తే అక్కడే ఆపి మార్కు 13:32 పైకి చదివించండి.